ముందు స్టోర్ రూము తాళం అడుగు

అమ్మాయీ,

అక్కడి మ్యూజియం వాళ్ళు ఆరు నెలల రెసిడెన్సీ (వాళ్ళ దగ్గరే ఉండి పనిచేసే అవకాశం) ఇచ్చారనీ, అమెరికా నల్లవాళ్ళ చరిత్ర మీద ఎగ్జిబిషన్ పెడతాననీ రాశావు. సంతోషం. మొదటి రెండు నెలలూ గ్యాలరీ వైపు వెళ్ళకు. స్టోర్ రూములో కూర్చో.

1992లో ఫ్రెడ్ విల్సన్ అనే అమెరికన్ కళాకారుడు బాల్టిమోర్‌లోని మేరీలాండ్ హిస్టారికల్ సొసైటీలో చేసిన పని గుర్తుంచుకో. వాళ్ళ నిలవలో ఉన్నవే బయటికి తీశాడు. ‘మెటల్‌వర్క్ 1793–1880’ అనే అద్దాల పెట్టెలో నగిషీ వెండి కూజాల మధ్య బానిసలకు వేసిన ఇనుప సంకెళ్ళు పెట్టాడు. లోహపు పని అంటే రెండూ లోహపు పనే కదా! అంతకాలం వాటిని విడదీసి ఉంచింది మ్యూజియమే.

ప్రతి వస్తువు కార్డులోనూ ఎవరిచ్చారు, ఏ ఏడు, ఏమని రాసుకున్నారు అన్నవి చూడు. పాత తైలచిత్రాల్లో దొరబిడ్డ పేరుంటుంది, పక్కన నిలబడ్డ నల్లపిల్లాడికి ఉండదు. ఆ పేరు కోసం వీలునామాలు, ఆస్తి జాబితాలు, పారిపోయినవాళ్ళని పట్టిమ్మనే పత్రికా ప్రకటనలు వెతకాలి. 1850, 1860 అమెరికా జనాభా లెక్కల్లోని బానిసల పట్టికల్లో యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు తప్ప దాదాపు ఎక్కడా పేర్లుండవు. బానిసత్వం రద్దయ్యాక విడుదలైనవాళ్ళు పేర్లతో కనిపించేది 1870 లెక్కల్లోనే. అందుకని 1870లో ఇంటిపేరు పట్టుకుని వెనక్కి నడు. ముందు నుంచి వస్తే దారి మూసుకుపోతుంది.

రిజిస్టరులో అసహ్యమైన పాత మాటలు కనిపిస్తే కొట్టెయ్యకు. పక్కన కొత్త గడి వేయించి సరైన మాట రాయించు. పాతది పోతే సాక్ష్యమూ పోతుంది.

లేబులు అరవై, డెబ్భై మాటలు దాటనివ్వకు. ‘ఇక్కడ బానిసలు ఉండేవారు’ అని రాస్తే ఎవరి తప్పూ కాకుండా పోతుంది. ‘ఫలానా ఆయన ఇంతమందిని బానిసలుగా ఉంచుకున్నాడు’ అని కర్తతో సహా రాయి. పేరు అరిగిపోతే చరిత్ర ఎలా మాయమవుతుందో మన హైదరాబాదులోనే చూడొచ్చు. ఏసీ గార్డ్స్ అనే పేట పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చిందనీ, అది నిజాం కొలువులోని సిద్దీల (ఆఫ్రికా మూలాలున్నవాళ్ళ) గుర్రపు దళమనీ ఆటో ఎక్కేవాళ్ళలో ఎందరికి తెలుసు?

కాగితం, బట్ట, ఫోటోలకి వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) మించకూడదు. తైలచిత్రాలకి 200 దాకా ఫరవాలేదు. కాగితాలు మూడు నాలుగు నెలలకి మించి వేలాడదీయనివ్వరు, కాబట్టి మార్చి పెట్టడానికి రెండోది సిద్ధం చేసుకో. వెండి ఉన్న పెట్టెలో ఉన్ని గుడ్డ పరవకు. అందులోంచి వచ్చే గంధకం వెండిని నల్లబరుస్తుంది.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు, ఆ బాధ ఎవరిదో వాళ్ళని చివర్లో పిలవడం. 2017లో మినియాపాలిస్‌లో వాకర్ ఆర్ట్ సెంటర్ తన శిల్పాల తోటలో శామ్ డ్యురాంట్ చేసిన ‘స్కాఫోల్డ్’ అనే శిల్పాన్ని నిలబెట్టింది. అందులో 1862లో మాన్‌కాటోలో 38 మంది డకోటా తెగ (అక్కడి ఆదివాసీల) మగవాళ్ళని ఉరితీసిన కొయ్యల రూపమూ ఉంది. డకోటాలని ముందుగా అడగలేదు. తోట తెరవకముందే నిరసనలొచ్చాయి, శిల్పాన్ని విప్పేశారు. కళాకారుడి ఉద్దేశం మంచిదే, అయినా అది వాళ్ళ తాతల ఉరికంబం. నువ్వు స్కెచ్ గియ్యకముందే వారసుల్ని కూర్చోబెట్టు. వాళ్ళ సమయానికి డబ్బివ్వు, ఆ పద్దు బడ్జెట్‌లో మొదటి వరసలో ఉండాలి. ఏది వద్దంటే అది పెట్టనని కాగితం మీద రాసివ్వు.

ఎగ్జిబిషన్ దిగిపోయాక లేబుళ్ళు చెత్తబుట్టలోకి వెళ్తాయి. నువ్వు కనిపెట్టిన ప్రతి పేరూ ఆధారంతో సహా మ్యూజియం రిజిస్టరులోకి ఎక్కిందో లేదో నీ కళ్ళతో చూసుకున్నాకే తాళాలు తిరిగివ్వు.