ల్యాప్‌టాప్‌లో పరుగు, బోర్డు మీద నత్తనడక: ఈ దారి వదిలేయాలా?

ప్రశ్న: ఈసీఈ మూడో ఏడాది చదువుతున్నాను. రోడ్డు వీడియోలో బండ్లను, మనుషులను గుర్తించి, ఒక్కోదానికి ఒక నంబరిచ్చి ట్రాక్ చేసే ప్రాజెక్టు చేశాను. ల్యాప్‌టాప్‌లో బాగుంది కానీ జెట్సన్ నానో (ఎన్విడియా వాళ్ల చిన్న కంప్యూటర్ బోర్డు) మీద సెకనుకు 4 ఫ్రేములే వస్తున్నాయి. ఇది మానేసి ఫుల్‌స్టాక్ (వెబ్‌సైట్ల తయారీ) కోర్సులో చేరమంటున్నారు నాన్న. ఏం చేయాలి సార్?

జవాబు: మానేయొద్దమ్మా. ల్యాప్‌టాప్‌లో నడిపించినవాళ్లు ప్రతి కాలేజీలోనూ ఉంటారు, నీ అసలు చదువు ఆ 4 ఫ్రేముల దగ్గరే మొదలైంది.

కెమెరా సెకనుకు 30 ఫ్రేములు ఇస్తుంటే ఒక్కో ఫ్రేముకు నీకు దొరికేది 33 మిల్లీసెకన్లు, అందులోనే బొమ్మ చదవాలి, సైజు తగ్గించాలి, డిటెక్టర్ (బండ్లను, మనుషులను గుర్తించే మోడల్) నడవాలి, పాత నంబర్లతో జత కలపాలి. దేనికెంత పడుతోందో ముందు విడివిడిగా కొలువు. చాలామంది ట్రాకర్‌ను (నంబర్లు జత కలిపే భాగాన్ని) తిడతారు గానీ, 2016లో వచ్చిన సార్ట్ అనే ట్రాకర్ లాంటిది కాల్మన్ ఫిల్టర్ అనే లెక్కతో తర్వాతి చోటు అంచనా వేసి, హంగేరియన్ అనే జతలు కుదిర్చే పద్ధతిలో జత కలుపుతుంది, అది సీపీయూకి పెద్ద బరువేం కాదు. రూపాన్ని కూడా పోల్చే డీప్‌సార్ట్ వాడితే మాత్రం కనిపించిన ప్రతి మనిషికీ ఇంకో న్యూరల్ నెట్‌వర్క్ నడుస్తుంది, జనం పెరిగేకొద్దీ భారమూ పెరుగుతుంది. బైట్‌ట్రాక్ అనే ట్రాకర్ చూడు, లారీ చాటున సగం కనిపించే బైకు లాంటి తక్కువ స్కోరు (డిటెక్టర్‌కు అంత నమ్మకం లేని) బాక్సులను పారేయకుండా రెండోసారి జతకు ప్రయత్నిస్తుంది.

డిటెక్టర్ దగ్గర చిన్న మోడల్ తీసుకుని, ఇన్‌పుట్ బొమ్మ ఒక్కో వైపు 640 నుంచి 416 పిక్సెళ్లకు దించితే పిక్సెళ్లు సగానికన్నా తక్కువవుతాయి. తర్వాత టెన్సర్ఆర్‌టీలో (మోడల్‌ను ఎన్విడియా జీపీయూకి తగ్గట్టు వేగవంతం చేసే సాఫ్ట్‌వేర్) ఎఫ్‌పీ16కి, అంటే 16 బిట్ల లెక్కలకు మార్చు. నానో జీపీయూలో ఐఎన్‌టీ8 (8 బిట్ల లెక్కల) సపోర్ట్ లేదు, దానికోసం రోజులు పాడుచేసుకోకు. డిటెక్టర్‌ను ఫ్రేము విడిచి ఫ్రేము నడిపితే వేగం వస్తుంది కానీ స్పీడుగా పోయే బైకులకు ట్రాకర్ ఇచ్చిన నంబర్లు తారుమారు కావచ్చు, అందుకే ఫ్రేముల లెక్కతో పాటు ఐడీఎఫ్1 (నంబర్లు ఎంత సరిగ్గా నిలబడ్డాయో చెప్పే స్కోరు) కూడా రాసుకో. బోర్డు వేడెక్కితే తనంతట తానే నెమ్మదిస్తుంది కాబట్టి రెండు నిమిషాల డెమో చూసి సరిపెట్టుకోకుండా అరగంట నడిపించు.

నాన్నగారి టెన్షన్‌లోనూ న్యాయం ఉంది, ఫ్రెషర్లకు ఇలా బోర్డుల మీద మోడళ్లు నడిపే ఉద్యోగాలు వెబ్ వైపు ఉన్నన్ని ఉండవు, కొన్నిటికి ఎంటెక్ అడుగుతారు. కాబట్టి సీ++, లినక్స్, డేటా స్ట్రక్చర్స్ వదలకు, ఇవి ఎటు వెళ్లినా పనికొస్తాయి. పైచదువుల ఆలోచన ఉంటే గేట్‌లో ఈసీతో పాటు 2024లో మొదలైన డేటా సైన్స్, ఏఐ పేపర్ కూడా చూడు. క్వాల్‌కామ్, ఎన్విడియా లాంటివి హైదరాబాద్‌లోనే ఉన్నాయని కూడా నాన్నగారికి చెప్పు.

ఈ వారం కొత్త కోడ్ ఏమీ రాయకు. దేనికెన్ని మిల్లీసెకన్లు పడుతున్నాయో పట్టిక వేసి పంపు, ముందు ఎక్కడ చెయ్యి పెట్టాలో చూద్దాం.