నూనె, వెనిగర్ విడిపోకుండా ఉండాలంటే
అక్కా, సలాడ్ డ్రెస్సింగ్ చేసిన రెండు నిమిషాలకే విడిపోతోంది, పులుపు కూడా ఎక్కువైంది అన్నారు కదా. నూనె, వెనిగర్ సగానికి సగం పోస్తే పులుపు తప్పదు, ఒక చెంచా వెనిగర్‌కి మూడు చెంచాల నూనె ఉండాలి. ముందు వెనిగర్‌లో ఉప్పు, కాస్త బెల్లం పొడి వేసి పూర్తిగా కరగనివ్వండి, ఎందుకంటే నూనెలో ఉప్పు కరగదు, ఆ తర్వాత పావు చెంచా ఆవపిండి కలిపి (నూనెనీ, వెనిగర్‌నీ పట్టి ఉంచేది అదే) నూనెను సన్నటి ధారగా పోస్తూ గిలక్కొట్టండి. ఆలివ్ నూనె కోసం తిరుపతి అంతా తిరగక్కర్లేదు, మన వైపు గానుగలో ఆడించిన చెనక్కాయల నూనె చాలు, నాకైతే ఆ వాసనే ఇష్టం. ఈ అక్టోబరు వానల్లో జామకాయ, దానిమ్మ గింజలు, కాల్చిన గుమ్మడి ముక్కల మీద వేసి చూడండి, చాలా బాగుంటుంది. కాసేపటికి కొంచెం విడిపోయినా టెన్షన్ వద్దు, సీసాలో పోసి మూత బిగించి వడ్డించే ముందు బాగా కుదపండి.