పత్తిలో పచ్చదోమ: కంపనాల యంత్రం కొనవచ్చా?

ప్రశ్న: పత్తి వేసి 50 రోజులైంది. ఆకుల అడుగున పచ్చదోమ పిల్లలు ఉన్నాయి. చేయి పెట్టగానే పక్కకు పరుగెత్తి దాక్కుంటున్నాయి. గులాబీ రంగు పురుగుకు పెట్టినట్టు దీనికీ లింగాకర్షక బుట్టలు పెట్టవచ్చా? దోమలు కాండం గుండా సంకేతాలు పంపుకుంటాయని, శబ్దం చేసే యంత్రం పెడితే పోతాయని ఒకాయన చెబుతున్నాడు. కొనమంటారా?
– ఒక రైతు, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: యంత్రం కొనకండి. ఆయన చెప్పిన దాంట్లో కొంత నిజం ఉంది గానీ, ఇప్పుడు మీ చేనులో ఉన్న పిల్ల పురుగులకు అది పనికిరాదు.

గులాబీ రంగు పురుగులో ఆడ రెక్కల పురుగు వాసన వదిలి మగదాన్ని పిలుస్తుంది. బుట్టలోని ఎర ఆ వాసనే. పచ్చదోమ అలా పిలవదు. మగదోమ పొట్ట మొదట్లోని పలుచని పొరలను కదిలిస్తే ఆ కంపనం కాళ్ల మీదుగా ఆకులోకి, కాడలోకి పాకుతుంది. అదే మొక్క మీదున్న ఆడది దాన్ని కాళ్లతోనే పసిగట్టి బదులిస్తుంది. మన చెవికి ఇదేమీ వినపడదు. అందుకే దీనికి లింగాకర్షక బుట్ట దండగ. బయటి శబ్దం మొక్కను కదిలిస్తే పచ్చదోమ, వరి సుడిదోమ జతకట్టడం దెబ్బతింటుందని సక్సేనా, కుమార్ అనే మన శాస్త్రవేత్తలు 1980లోనే చూపించారు. ఇటలీలోని ట్రెంటినోలో 2017 నుంచి ద్రాక్ష పందిరి తీగలకు కంపన పరికరాలు బిగించి పరీక్షిస్తున్నారు. అక్కడ తీగ బిగుతుగా సాగి ఉంటుంది, కంపనం వరుస పొడవునా వెళ్తుంది. పత్తిలో ఏ మొక్క ఆ మొక్కే. పైగా పక్క చేల నుంచి జతకట్టేసిన ఆడదోమలు ఎగిరి వస్తూనే ఉంటాయి.

అన్నిటికన్నా ముఖ్యం, పిల్ల పురుగులు జతకట్టవు. జతను ఆపే యంత్రం అవి ఆకు రసం పీల్చడాన్ని ఆపదు. మీ చేయి చూసి అవి పక్కకు పరుగెత్తడం తప్పించుకోవడమే, కబురు కాదు. కంపనాలతో కబురంపే పిల్లలు వేరే ఉన్నాయి. మధ్య అమెరికాలో ముల్లు ఆకారంలో ఉండే ఒక పురుగు, పచ్చదోమకు దగ్గరి బంధువు, పిల్లలను గుంపుగా పెట్టుకుని కాపలా కాస్తుంది. కందిరీగ మీద పడితే పిల్లలన్నీ ఒక్కసారిగా ఒళ్లు కుదిపి సంకేతమిస్తాయి, తల్లి వచ్చి తన్ని తరుముతుంది. పచ్చదోమ తల్లి ఈనెల్లో గుడ్లు చొప్పించి వెళ్లిపోతుంది.

మీరు చేయాల్సింది లెక్క చూడడం. ఉదయం పూట చేనుకు అడ్డంగా నడుస్తూ 20 మొక్కలు ఎంచుకుని, ఒక్కోదానికి మూడేసి ఆకులు చూడండి. మొక్కను కుదిపితే తల్లి పురుగులు ఎగిరిపోతాయి, పిల్లలు మరో వైపుకు జారుతాయి, లెక్క తక్కువ వస్తుంది. ఆకును తుంచకుండా మెల్లగా తిప్పాలి. 60 ఆకుల్లో 120 దాటితే, అంటే ఆకుకు 2 చొప్పున ఉంటే, మందు అవసరం. ఆకుల అంచులు పసుపుబారి కిందికి ముడుచుకుంటున్నా ఆలస్యం చేయొద్దు. ఎర్రబడే దాకా ఆగితే ఆ ఆకు తిరిగి కోలుకోదు.

అంతకు తక్కువ ఉంటే లీటరుకు 5 మి.లీ. వేపనూనె (1500 పీపీఎం) చాలు. హద్దు దాటితే ఫ్లోనికామిడ్ 50 డబ్ల్యూజీ లీటరుకు 0.3 గ్రా., ఎకరాకు 200 లీటర్ల నీటిలో 60 గ్రా. కలిపి, నాజిల్‌ను కింది నుంచి పైకి తిప్పి ఆకు అడుగు తడిసేలా కొట్టండి. పైనుంచి కొడితే పిల్లలున్న చోటు సరిగా తడవదు. విత్తనానికి ఇమిడాక్లోప్రిడ్ పట్టించే అమ్ముతారు కాబట్టి మళ్లీ అదే మందు కొట్టవద్దు. ఈనెల్లోని గుడ్లు పిచికారీకి చావవు, వారం తర్వాత కొత్త పిల్లలు కనిపించవచ్చు. మందు పనిచేయలేదని వెంటనే ఇంకోటి కలిపి కొట్టకుండా, ఏడో రోజు మళ్లీ 60 ఆకులు లెక్కపెట్టి నిర్ణయించండి. పసుపు జిగురు అట్టలు ఎకరాకు 10 పెడితే రెక్కల దోమల రాక తెలుస్తుంది, రెక్కలు లేని పిల్లలు వాటికి అంటవు. యూరియా సిఫారసు మించి వేయకండి. ఆకు లేతగా, ఏపుగా ఉంటే దోమ అక్కడే చేరుతుంది.