ఇంట్లో సిగ్నల్ పోయింది, కంపెనీ పట్టించుకోదు. కేసు వేయొచ్చా?

ప్రశ్న: అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటున్నాం. నాలుగేళ్లుగా ఒకే కంపెనీ ప్రీపెయిడ్ సిమ్ వాడుతున్నాను. ఏడాది ప్యాక్ వేయించుకున్న మూడు నెలలకే ఇంట్లో సిగ్నల్ పూర్తిగా పోయింది. మాట్లాడాలంటే మెట్ల దగ్గరికో, డాబా మీదికో వెళ్లాలి. బ్యాంకు ఓటీపీలు కూడా సమయానికి రావడం లేదు. కస్టమర్ కేర్‌కు ఐదుసార్లు ఫోన్ చేస్తే, ప్రతిసారీ ‘మీ సమస్య పరిష్కరించాం’ అని మెసేజ్ పెట్టి ఫిర్యాదు మూసేశారు. వినియోగదారుల కోర్టుకు వెళ్లొచ్చా? టవర్ పెట్టించమని అడగొచ్చా?

జవాబు: వెళ్లొచ్చు. టవర్ మాత్రం అడగకండి. ఫలానా వీధిలో టవర్ నిలబెట్టమని జిల్లా వినియోగదారుల కమిషన్ (మీరన్న వినియోగదారుల కోర్టు) ఆదేశించడం దాదాపు జరగని పని. అది అడిగితే మిగతా న్యాయమైన కోరికలు కూడా పలచబడతాయి. వాడుకోలేకపోయిన ప్యాక్ డబ్బు, ఇబ్బందికి కొంత పరిహారం, కేసు ఖర్చులు: ఈ మూడూ అడగండి.

మీ ఫిర్యాదుకు ఇచ్చే రాతపూర్వక జవాబులో (కౌంటరులో) కంపెనీ మొట్టమొదట ‘ఈ కేసు వినే అధికారం కమిషన్‌కు లేదు’ అంటుంది. పాత టెలిగ్రాఫ్ చట్టంలోని 7బి సెక్షన్ ప్రకారం మధ్యవర్తి దగ్గరికే వెళ్లాలని 2009లో ఎం.కృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు అన్న మాట నిజమే. కానీ 2022 ఫిబ్రవరి 16న వొడాఫోన్ ఐడియా, అజయ్ కుమార్ అగర్వాల్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ అడ్డు తొలగించింది. నెలకు సగటున 555 రూపాయల బిల్లు వచ్చే వ్యక్తికి ఒక్కసారిగా 24,609 రూపాయలు వేసిన వ్యవహారం అది. మధ్యవర్తిత్వం ఉన్నంత మాత్రాన వినియోగదారుల ఫోరం తలుపులు మూసుకుపోవని తేల్చారు. ఈ తీర్పును మీ ఫిర్యాదులోనే పేర్కొంటే ఒక వాయిదా ఆదా అవుతుంది.

అసలు చిక్కు వేరే చోట ఉంది. ‘నాలుగు గోడల మధ్య సిగ్నల్ తగ్గడం సహజం, ఇంటి లోపల కవరేజీ ఇస్తామని మేం హామీ ఇవ్వలేదు’ అన్నది కంపెనీ రెండో వాదన. ఇందులో బలం ఉంది. మొదటి నుంచీ సిగ్నల్ లేని ఇంటి గురించి అడిగి ఉంటే, కేసు వద్దనే చెప్పేవాణ్ని. మీ విషయంలో నాలుగేళ్లు వచ్చిన సిగ్నల్ పోయింది. అదే మీ కేసు. కాబట్టి ‘కొన్నాళ్లుగా రావడం లేదు’ అని రాయకండి, ఏ తేదీ నుంచి పోయిందో రాయండి. అంతకుముందు నెలల్లో ఇంటి నుంచే మాట్లాడిన కాల్స్ జాబితా కంపెనీ యాప్‌లో దొరికితే దింపుకోండి. ఇంటి గోడలు మారలేదు, సిగ్నలే మారింది అని చూపించడానికి అది పనికొస్తుంది.

అయితే ముందు తప్పు మీ ఫోనుది కాదని తేల్చుకోవాలి. మీ సిమ్ వేరే ఫోనులో వేసి చూడండి, అదే కంపెనీ వాడే పక్కింటివారి సిమ్ మీ ఫోనులో వేసి చూడండి. పాత ఫోన్లలో 4జీ కాలింగ్ సౌకర్యం ఉండదు. ఆ ప్రాంతంలో కంపెనీ 3జీ ఆపేస్తే అలాంటి ఫోనుకు కష్టమొస్తుంది, దానికి కంపెనీని తప్పు పట్టడం కష్టం. ఇంకో మాట కూడా విచారించండి: దగ్గర్లో ఏదైనా మేడ మీది టవర్‌ను అద్దె గడువు తీరిపోయి తీసేశారా? మీ అపార్ట్‌మెంట్ సంఘమే రేడియేషన్ భయంతో అభ్యంతరం పెట్టి తీయించిందా? రెండోదే నిజమైతే కంపెనీ ఆ అభ్యంతరం కాగితాన్నే కమిషన్ ముందు పెడుతుంది.

సాక్ష్యం తయారుచేసుకోవడానికి వారం చాలు. ‘గీతలు’ ఎన్ని ఉన్నాయన్నది సాక్ష్యం కాదు, ఒక్కో ఫోను ఒక్కోలా చూపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’ కిందికి వెళ్లి, సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం డీబీఎం అనే కొలతలో కనిపిస్తుంది. అంకెకు ముందు మైనస్ గుర్తు ఉంటుంది. 4జీలో మైనస్ 85 దగ్గర ఉంటే బాగున్నట్టు, మైనస్ 110 దాటితే మాట తెగుతుంది, మైనస్ 120 అంటే లేనట్టే. హాల్లో, పడకగదిలో, డాబా మీద, రోజుకు మూడు పూటలా, ఏడు రోజులు స్క్రీన్‌షాట్లు తీయండి. తేదీ, సమయం అందులో పడాలి. డాబా మీద కూడా బలహీనంగా ఉంటే ‘గోడల వల్లే’ అన్న వాదన అక్కడికక్కడే పడిపోతుంది.

వీటికంటే విలువైన కాగితం ఒకటుంది. 2024 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) సేవా నాణ్యత నిబంధనల ప్రకారం కంపెనీలు తమ కవరేజీ మ్యాపును వెబ్‌సైటులో పెట్టాలి. అందులో మీ వీధికి కవరేజీ ఉన్నట్టు రంగు వేసి ఉంటే వెంటనే ప్రింటు తీసి పెట్టుకోండి. కంపెనీ తన నోటితో తాను చెప్పినట్టే. స్క్రీన్‌షాట్లన్నిటికీ భారతీయ సాక్ష్య అధినియం 63(4) సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జత చేయండి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య చట్టాన్ని అంత బిగించి పట్టుకోవు, అయినా అవతలి లాయరుకు అభ్యంతరం చెప్పే వీలు ఎందుకు ఇవ్వాలి?

ఐదు ఫోన్ల తర్వాత ఆరోసారి ఫోన్ చేయడం వల్ల ప్రయోజనం లేదు. ప్రతి ఫిర్యాదుకీ వచ్చిన డాకెట్ నంబరు మీ దగ్గర ఉందో లేదో చూడండి. లేకపోతే 198కి ఒకసారి చేసి, నంబరు వచ్చేదాకా లైనులో ఉండండి. ఎగ్జిక్యూటివ్ ‘నెట్ స్లో’ అని నమోదు చేసుకుంటే డేటా సమస్యగా చూసి మూసేస్తారు. మీ మాటలు ఇలా ఉండాలి: ‘ఫలానా తేదీ నుంచి ఈ చిరునామాలో వాయిస్ సిగ్నల్ లేదు, ఇన్‌కమింగ్ రావడం లేదు, వేరే ఫోనులో కూడా పరీక్షించాను, టవర్ స్థాయిలో తనిఖీ చేసి రాతపూర్వకంగా జవాబివ్వండి.’

దాన్ని కూడా మూసేస్తే, 30 రోజుల్లోపు ఆ కంపెనీ అప్పీలేట్ అథారిటీకి ఈ-మెయిల్‌లో అప్పీలు పెట్టండి. ఫీజు లేదు. 39 రోజుల్లో తేల్చాలి. ఆ అథారిటీ కంపెనీలోదే కాబట్టి పెద్దగా ఆశపడొద్దు. అయినా అప్పీలు చేసిన మనిషిని ‘మా దగ్గరికి రాకుండానే కోర్టుకెక్కారు’ అనలేరు. అదే సమయంలో 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనులోనూ, కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల వెబ్‌సైటు పీజీ పోర్టల్‌లో టెలికాం శాఖకూ ఫిర్యాదు పెట్టండి. చాలాసార్లు ఇంజినీరు ఇంటికి వచ్చేది ఈ రెండింటి తర్వాతే. ట్రాయ్‌కి రాయడం మాత్రం వృథా, అది వ్యక్తిగత ఫిర్యాదులను విచారించదు. 24 గంటలు సేవ నిలిచిపోతే వ్యాలిడిటీ పెంచాలన్న నిబంధనను కూడా మీకు అన్వయించుకోకండి, అది జిల్లా స్థాయిలో నెట్‌వర్క్ పడిపోయినప్పటి మాట.

అప్పటికీ కదలకపోతే 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు దాఖలు చేయండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 34వ సెక్షన్ కింద మీరు నివసించే జిల్లాలోనే వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు ఉండదు. లాయరు తప్పనిసరి కాదు. కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లు గడువు. ప్యాక్ డబ్బును లెక్కగట్టి అడగండి: 365 రోజుల ప్యాక్‌లో సిగ్నల్ పోయేనాటికి 275 రోజులు మిగిలి ఉంటే, కట్టిన మొత్తాన్ని 365తో భాగించి 275తో గుణించండి. పరిహారం లక్షల్లో రాయకండి. ఓటీపీ రాక ఆగిపోయిన చెల్లింపు, దానిపై పడిన అపరాధ రుసుము వంటివి కాగితంతో చూపగలిగితే విడిగా చేర్చండి. అదే కంపెనీ సిమ్ వాడే పొరుగువారు కలిసొస్తే, అదే చట్టంలోని 35(1)(సి) సెక్షన్ కింద కమిషన్ అనుమతితో అందరి తరఫునా ఒకే ఫిర్యాదు వేయొచ్చు. అప్పుడు ‘మీ ఫోనే బాగాలేదు’ అనే మాటకు చోటుండదు.

ఈలోపు ఇబ్బంది పడుతూ కూర్చోనక్కర్లేదు. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే ఫోనులో వైఫై కాలింగ్ ఆన్ చేయండి, చాలా ఫోన్లలో ఎస్సెమ్మెస్‌లు కూడా దాని మీదుగానే వస్తాయి. ‘పరిష్కారం చూపించాంగా’ అని కంపెనీ అంటే, ఆ బ్రాడ్‌బ్యాండ్ బిల్లు మీరే కడుతున్నారని చెప్పండి. నంబరు వేరే కంపెనీకి మార్చుకున్నా మీ కేసు పోదు. అయితే వారం రోజుల సాక్ష్యం, అప్పీలు ముగిశాకే మారండి. సిమ్ మారాక ఆ కంపెనీ సిగ్నల్‌ను కొలవడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. ‘పోర్ట్’ అని ఇంగ్లిషులో టైప్ చేసి, ఖాళీ వదిలి, మీ నంబరు రాసి 1900కి పంపితే వచ్చే కోడ్ తెలుగు రాష్ట్రాల్లో నాలుగు రోజులు చెల్లుతుంది. మారేముందు కొత్త కంపెనీ సిమ్ ఉన్న ఎవరినైనా మీ పడకగదిలో నిలబెట్టి ఫోన్ చేయించి చూడండి. మారితే మిగిలిన ప్యాక్ పోతుంది, ఆ నష్టం మీ లెక్కలో ఇప్పటికే ఉంది.

ఆన్‌లైన్‌లో అమ్మే సిగ్నల్ బూస్టర్ మాత్రం కొనకండి. అనుమతి లేకుండా బిగించడం నేరం, చుట్టుపక్కల ఇళ్ల సిగ్నల్‌నూ చెడగొడుతుంది. టెలికాం శాఖ బృందాలు పట్టుకుని స్వాధీనం చేసుకుంటే, ఫిర్యాదుదారుగా ఉన్న మీరు నిందితుల జాబితాలోకి వెళ్తారు.