ఆ శిథిలాలు ఏ ఇంటివి?

(పాఠకుల ప్రశ్నలకు జవాబులు: శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి పదవీ విరమణ పొందిన మా శీర్షిక రచయిత)

ప్రశ్న: మాది హైదరాబాద్ శివారు. మా పక్కనున్న ఖాళీ ప్లాటులో అర్ధరాత్రి ట్రాక్టర్లు వచ్చి, కూల్చిన ఇళ్ల మట్టి, ఇటుక ముక్కలు కుమ్మరించి పోతున్నాయి. ఫిర్యాదు చేస్తే సిబ్బంది జేసీబీతో ఎత్తించారు, ముగ్గు వేశారు, హెచ్చరిక బోర్డు పెట్టారు. నెల తిరగకముందే మళ్లీ కుప్ప పడింది. దాని మీద ఇప్పుడు కోడి ఈకలు, పాత పరుపులు కూడా చేరాయి. అడ్డుకుంటే డ్రైవర్లు గొడవకు వస్తున్నారు. ఏం చేయాలి?
– ఊరి పేరు రాయవద్దన్న పాఠకురాలు

జవాబు: ముందుగా ఒక మాట వినండమ్మా. చీకట్లో ట్రాక్టరుకు అడ్డం వెళ్లకండి. ఆ డ్రైవరుకు ట్రిప్పుకు ఇంత అని బేరం. డీజిలు ఎంత తక్కువ కాలితే అతనికి అంత మిగులు. అందుకే లైటు లేని ప్లాటు, నాలా పక్క, చెరువు శిఖం అతనికి దగ్గరి దారులు. ఇల్లు కూల్చి కట్టుకునే ఆసామి ‘మట్టి తీయించెయ్’ అని మేస్త్రీకి చెబుతాడు, మేస్త్రీ ట్రాక్టరుకు చెబుతాడు. ఎక్కడికి అని ఎవరూ అడగరు.

చట్టం అడుగుతుంది. శిథిలాలు ఎవరి పనివల్ల పుట్టాయో వాటి బాధ్యత వారిదేనని 2016 నాటి నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. కనుక ట్రాక్టరు నంబరు దొరక్కపోయినా ఫరవాలేదు, ఇల్లు పట్టుకోండి. పగటిపూట ఆ కుప్ప దగ్గరికి వెళ్లి గోడ ముక్కల రంగు, పగిలిన టైల్సు చూడండి. నీలం రంగు గోడ ఏ వీధిలో కూలిందో మీ పాలబ్బాయికి తెలిసే ఉంటుంది. కుప్ప ఫొటో, ఆ ఇంటి ఫొటో, తేదీలు కలిపి రాతపూర్వకంగా ఇవ్వండి. పారిశుద్ధ్య విభాగంతో ఆగకండి, ఒక ప్రతి టౌన్ ప్లానింగ్‌కు కూడా ఇవ్వండి. పారిశుద్ధ్యం వాళ్లు ఎత్తుతారు. కొత్త ఇంటికి అనుమతి ఇచ్చేది టౌన్ ప్లానింగ్. యజమానికి భయం ఉండేది అక్కడే.

‘మరి ఎక్కడ పోయాలి?’ అని ఆ యజమాని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. జీడిమెట్లలో 2020 నవంబరులో శిథిలాల రీసైక్లింగ్ ప్లాంటు మొదలైంది, తరువాత ఫతుల్లాగూడలో ఇంకొకటి వచ్చింది. ఒక్కొక్కటీ రోజుకు 500 టన్నులు తీసుకోగలదు. కాంక్రీటు పిండి చేసి, కడిగి, ఇసుక, కంకర, పేవర్ బ్లాకులు తయారు చేస్తారు. ప్లాంట్లు మంచివే. కానీ ఒక స్నానాలగది పగలగొట్టినవాడు ఒక్క ట్రాలీ మట్టి కోసం ఊరికి ఆ కొసకు పోతాడా? వార్డుకొక సేకరణ స్థలం ఉంటే పోతాడు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా కేంద్రం తెచ్చిన కొత్త నిబంధనల్లోనూ రీసైక్లింగ్ లక్ష్యాల భారం 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న కట్టడాల మీదే. మీ వీధి ట్రాలీ అందులో చిక్కదు.

ముగ్గును నేను వెక్కిరించను. కవరు విసిరిపోయే మనిషి ముగ్గు చూసి సిగ్గుపడటం నా ఉద్యోగంలో చూశాను. ట్రాక్టరు మాత్రం దాని మీదుగానే పోతుంది. అక్కడ కావలసింది వీధి దీపం, ప్లాటు యజమాని చేత కంచె. ఈకల సంగతి తేలిక: దగ్గర్లోని కోడి మాంసం దుకాణాల ట్రేడ్ లైసెన్సులు తనిఖీ చేయమని అడగండి.

ఎవరూ కదలకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డీవోకు దరఖాస్తు పెట్టండి. పదిమందికీ ఇబ్బంది కలిగించేదాన్ని తొలగించమని ఆదేశించే సెక్షన్ ఇది; పాత సీఆర్పీసీ (నేర విచారణ ప్రక్రియ చట్టం) 133వ సెక్షనే. మధ్యప్రదేశ్‌లోని రత్లాం ప్రజలు మురుగు, దుర్గంధం భరించలేక ఈ సెక్షన్‌తోనే పోరాడారు. డబ్బు లేదన్న మునిసిపాలిటీ సాకు చెల్లదని 1980లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాసింది జస్టిస్ కృష్ణయ్యర్.

ప్రశ్న: మా దగ్గర చెత్తకుప్పను సిబ్బందే తగలబెడుతున్నారు. తప్పు కాదా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: తప్పే, మాస్టారూ. బహిరంగంగా చెత్త కాల్చడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో నిషేధించింది. మామూలుగా కాలిస్తే రూ.5,000, పెద్ద ఎత్తున కాలిస్తే రూ.25,000 జరిమానా. అయితే అగ్గిపుల్ల గీసిన కార్మికురాలిని తిట్టకండి. బండి రాని రోజునే కుప్ప కాలుతుంది. బండి ఎందుకు రాలేదో కమిషనర్‌ను అడగండి.

ప్రశ్న: వీధి చెత్తకుండీ తీసేశాక అందరూ రోడ్డు మీదే వేస్తున్నారు. కుండీ మళ్లీ పెట్టించలేమా?
– గృహిణి

జవాబు: కుండీ వద్దమ్మా, అది నిండి పొర్లితే మీ గుమ్మం ముందే కుక్కలు చేరతాయి. మీ వీధికి చెత్త ఆటో ఎన్నింటికి వస్తోంది? తొమ్మిదింటికి వస్తే, ఎనిమిదింటికే ఉద్యోగాలకు పోయేవారి సంచి రోడ్డున పడక తప్పదు. ఆరున్నరకు పంపమని వీధంతా సంతకాలు చేసి ఇవ్వండి. అద్దెగదుల కుర్రాళ్ల చేత కూడా చేయించండి, సంచులు ఎక్కువగా వచ్చేది ఆ గదుల నుంచే.