బండి బాగోగులు: పాత పికప్‌కు ఫోర్ వీల్ డ్రైవ్

ఈసారి ఉత్తరాలన్నీ ఒకే దారి పట్టాయి. పాత జీపు కుటుంబం పికప్‌లను ఇంటి దగ్గరే ఫోర్ బై ఫోర్ చేసుకోవాలనుకునే వారికీ, చేసుకుని చిక్కుల్లో పడ్డవారికీ కలిపి జవాబులు.

ప్రశ్న: మాది కంకిపాడు దగ్గర. పాత మహీంద్రా డీజిల్ పికప్ ఉంది, టూ వీల్ డ్రైవ్. ఇంజన్ గట్టిగానే ఉంది కానీ వానాకాలం పొలం డొంకలో దిగబడిపోతోంది. ఆటోనగర్‌లో ముందు చక్రాల హౌసింగ్ (యాక్సిల్ ఉండే ఇనుప తొడుగు) ఒకటి చౌకలో దొరికేలా ఉంది. కొనేసి, మిగతా సామాను మెల్లగా కూర్చుకుందామని ఆలోచన. సరైనదేనా?

జవాబు: ఆ హౌసింగ్‌కు బయానా ఇవ్వకండి. ముందు ఒక ముక్క కొని మిగతావి తర్వాత వెతుకుదామనుకున్న బండ్లే ఏళ్ల తరబడి షెడ్డులో దిమ్మల మీద ఉండిపోతాయి. మీకు కావలసింది ఒకే బండి మీద నుంచి దిగిన పూర్తి సెట్టు. హబ్బు నుంచి హబ్బు దాకా ముందు హౌసింగ్, వెనక హౌసింగ్, గేరుబాక్సుకు బిగించి ఉన్న ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె), దాని రెండు లివర్లు, కింద మోసే క్రాస్ మెంబరు, రెండు ప్రొపెల్లర్ షాఫ్టులు, స్టీరింగ్ రాడ్లు.

గేరుబాక్సు మనది ఉందిగా అంటారు. టూ వీల్ గేరుబాక్సు మెయిన్ షాఫ్టు చివర ఫ్లాంజితో ముగుస్తుంది. ఫోర్ వీల్ దాంట్లో అదే షాఫ్టు చివరి పళ్ల మీద ట్రాన్స్‌ఫర్ కేసు గేరు కూర్చుంటుంది. షాఫ్టు మార్చాలంటే గేరుబాక్సు మొత్తం విప్పాలి. జతగా తెచ్చుకోవడమే తక్కువ పని.

వెనక హౌసింగ్ ఎందుకంటే, పాత జీపుల్లో వచ్చే స్పైసర్ 18 ట్రాన్స్‌ఫర్ కేసులో ముందుకు, వెనక్కు వెళ్లే అవుట్‌పుట్లు రెండూ కుడివైపుకు జరిగి ఉంటాయి. కాబట్టి రెండు హౌసింగుల గుండ్లూ (క్రౌన్ పినియన్ గేర్లుండే ఉబ్బులు) కుడివైపే ఉండాలి. మీ పికప్ వెనక గుండు మధ్యలో ఉంటే షాఫ్టు అడ్డంగా వంకర పోతుంది, క్రాసులు (షాఫ్టు చివర్ల మడత కీళ్లు) నెలల్లో అరిగిపోతాయి.

దుకాణంలో డబ్బు తీసే ముందు రెండు పరీక్షలు చేయండి. మొదటిది రేషియో, అంటే చక్రం ఒక చుట్టుకు షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ లెక్క. హౌసింగ్‌ను దిమ్మల మీద పెట్టించి, ఒక హబ్బు కదలకుండా పట్టుకోమని, రెండో హబ్బును సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. పినియన్ ఫ్లాంజి (షాఫ్టు బిగించే చోటు) మీద సుద్దముక్కతో గీత పెట్టుకుని అది ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. అయిదు చుట్లకు కాస్త తక్కువైతే 4.88, అయిదుంబావుకూ అయిదున్నరకూ మధ్య ఆగితే 5.38. ముందూ వెనకా ఒకే అంకె రావాలి. గుండు మీద రంగుతో రాసిన అంకెను నమ్మవద్దు, లోపలి క్రౌన్ పినియన్ ఎప్పుడో మారి ఉండవచ్చు.

రెండోది, ట్రాన్స్‌ఫర్ కేసు కింది రేకు మూత విప్పించడం. మధ్య గేరు పైకే కనిపిస్తుంది. వేలితో పైకీ కిందికీ ఎత్తి చూడండి. టకటకమని ఆడితే ఇంటర్మీడియట్ షాఫ్టు, సూది బేరింగులు అరిగినట్టే. ఈ కేసుకు ఇదే ప్రాణం, ఇదే రోగం. అరిగిన షాఫ్టు ఆయిలు కారుస్తుంది, కేసును చెయ్యి పెట్టలేనంత వేడెక్కిస్తుంది, చివరికి గేరు పళ్లను తింటుంది. షాఫ్టు, సూదులు, రెండు పక్కల థ్రస్టు వాషర్లు కొత్తవి వేయాల్సిందే. బేరంలో ఆ ఖర్చు తగ్గించి మాట్లాడండి.

ఇక పని వరుస. బ్యాటరీ తీగలు తీసెయ్యండి. వెనక హౌసింగ్, తర్వాత గేరుబాక్సు జత, ఆఖరున ముందు హౌసింగ్. క్రాస్ మెంబరును వెల్డింగుతో కాక 8.8 గ్రేడు బోల్టులతో బిగించండి. రంధ్రాలు ఛాసీ నిలువు గోడకే వేయండి. పై అంచుకో కింది అంచుకో వేస్తే లోడుకు పగులు అక్కడే మొదలవుతుంది. కమాన్ల (ప్లేటు స్ప్రింగుల) యూ బోల్టులు పాతవి సాగి ఉంటాయి, కొత్తవే వాడండి. 100 కిలోమీటర్లకు ఒకసారి, 500కు మరోసారి బిగించి చూడాలి.

ముందు హౌసింగ్ కమాన్ల మీద కూర్చున్నాక, బంపు రబ్బరు తగిలేదాకా జాకీతో పైకెత్తి చూడండి. ఇంజన్ సంపుకూ గుండుకూ మధ్య 40 మి.మీ. అయినా మిగలాలి. తర్వాత చక్రాలు గాలిలో వేలాడేలా బండిని ఎత్తి, బ్రేకు గొట్టాలు లాగుకుపోకుండా ఉన్నాయా చూడండి. సైలెన్సర్ గొట్టం కుడివైపు నుంచి వెళ్తుంటే అది ముందు షాఫ్టుకు అడ్డం వస్తుంది, దారి మార్చాలి. చాలామంది ఇది చివరి రోజు కనుక్కుంటారు.

హౌసింగులకు 90 నంబరు జీఎల్ 5 గేర్ ఆయిల్. గేరుబాక్సుకూ ట్రాన్స్‌ఫర్ కేసుకూ జీఎల్ 4. లోపల ఇత్తడి రింగులున్న గేరుబాక్సుకు జీఎల్ 5 పడదు. కొలత కోసం తంటాలు వద్దు, పక్క బోల్టు రంధ్రం అంచుకు ఆయిలు వచ్చేదాకా పొయ్యండి.

ప్రశ్న: మాది గుంటూరు. పనంతా అయింది, బండి బాగానే నడుస్తోంది. కానీ ఫోర్ వీల్ వేసి తారురోడ్డు మీద తిప్పితే మలుపులో బిగుసుకుపోతోంది, టైర్లు కీచుమంటున్నాయి, లివరు వెనక్కి రావడం లేదు. గేరు పాడైందా?

జవాబు: గేరు పాడవలేదు, పాడు చేస్తున్నారు. ఈ రకం ట్రాన్స్‌ఫర్ కేసులో మధ్య డిఫరెన్షియల్ (రెండు షాఫ్టులను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చేది) ఉండదు. ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ ఇనుపకడ్డీలా ఒకటైపోతాయి. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాలకంటే పెద్ద చుట్టు తిరగాలి. మట్టిలో అయితే టైరు కొంచెం జారి ఆ తేడా తీర్చేస్తుంది. తారు మీద జారదు కాబట్టి బలమంతా షాఫ్టుల్లో మెలికై కూర్చుంటుంది. లివరు రాకపోవడానికి కారణం అదే. పది అడుగులు రివర్సు వచ్చి, స్టీరింగ్ సూటిగా పెట్టి లాగండి, వచ్చేస్తుంది. ఇకమీదట బురద, ఇసుక, గడ్డి మీద తప్ప వేయకండి.

సూటిగా వెళ్తున్నప్పుడు కూడా బిగుస్తుంటే మాత్రం రేషియో అనుమానించండి. ముందు 4.88, వెనక 5.38 పడితే వెనక చక్రం 10 మీటర్లు నడిచేసరికి ముందు చక్రం 11 మీటర్లు నడవాలని చూస్తుంది. ఆ మీటరు తేడాకు ఏదో ఒకటి విరగాలి, సాధారణంగా ముందు యాక్సిల్ జాయింటే. రేషియో కలిసినా, ముందు కొత్త టైర్లు, వెనక అరిగినవి ఉంటే ఇదే జబ్బు చిన్న మోతాదులో వస్తుంది. నాలుగూ ఒకే సైజు, ఒకే అరుగుదల.

ప్రశ్న: తెనాలి నుంచి. మారుతి జిప్సీ ట్రాన్స్‌ఫర్ కేసు గేరుబాక్సుకు అంటుకోకుండా విడిగా ఉంటుంది కదా. మన గేరుబాక్సు కదపకుండా, వెనక చిన్న షాఫ్టుతో దాన్నే కలిపేస్తే సరిపోదా? చక్రం బోల్టులు కూడా సరిపోతున్నాయి.

జవాబు: ఆలోచన తెలివైనదే. కేసు విడిగా ఉంటుంది, చక్రాలు రెంటికీ 5 బోల్టులు, 139.7 మి.మీ. వ్యాసం చుట్టే. అన్నీ కలిసిపోయినట్టు కనిపించి మోసం చేసేది కూడా ఇక్కడే.

జిప్సీ కేసులో హై రేంజి (మామూలు రోడ్డు మీద వాడేది) ఒకటికి ఒకటిగా ఉండదు, అక్కడే 1.409 తగ్గింపు ఉంటుంది. జిప్సీకి 3.73 హౌసింగులు కాబట్టి కలిపితే 5.26 దగ్గర వస్తుంది, లెక్క సరి. అదే కేసును 5.38 హౌసింగుల ముందు పెడితే 7.58 అవుతుంది. ఇదివరకు గంటకు 60 కిలోమీటర్ల దగ్గర ఇంజన్ ఎంత అరిచేదో ఇప్పుడు 42 దగ్గరే అంత అరుస్తుంది. తెనాలి నుంచి గుంటూరు వెళ్లొచ్చేసరికి చెవులు దిబ్బళ్లు పడతాయి, డీజిలు సంగతి సరేసరి. పోనీ జిప్సీ హౌసింగులే వేద్దామంటే, అవి తేలిక పెట్రోలు బండికి చేసినవి. మిర్చి టిక్కీలు వేసుకుని తిరిగే డీజిల్ పికప్‌కు వద్దు. లోడు వేయని, పొలం చుట్టూ తిరిగే తేలిక బండికైతే అభ్యంతరం లేదు.

ప్రశ్న: విజయవాడ, పటమట. ఇలా మార్చిన బండికి ఆర్‌సీ ఇబ్బంది ఉంటుందా? పోలీసులు చూసి గుర్తుపట్టలేరని మెకానిక్ అంటున్నాడు.

జవాబు: రోడ్డు మీద గుర్తుపట్టలేకపోవచ్చు. ప్రమాదం జరిగి బీమా సర్వేయర్ బండి కిందకు దూరినప్పుడు గుర్తుపడతాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన, ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. కాబట్టి సామాను కొనకముందే మీ రవాణా కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. జవాబు కూడా కాగితం మీదే తీసుకోండి. అనుమతి రాకపోతే బండి సొంత పొలం గట్టు దాటకూడదు. రోడ్డు మీద తిరగాల్సిన వారికి, కంపెనీ నుంచే ఫోర్ బై ఫోర్‌గా వచ్చిన పాత బండిని కాగితాలతో కొని బాగుచేసుకోవడమే మా సలహా. ఖర్చులో కూడా పెద్ద తేడా పడదు.

ప్రశ్న: మంగళగిరి. షాఫ్టు పొడవు తగ్గించి వెల్డింగు చేయించాం. 40 దాటితే నేల అదురుతోంది. బ్యాలెన్సింగ్ రెండుసార్లు చేయించినా తగ్గలేదు.

జవాబు: షాఫ్టును నేల మీద పెట్టి ఒక చివర నుంచి చూడండి. రెండు చివర్ల యోకుల (క్రాసును పట్టుకునే కొమ్ముల) చెవులు ఒకే వరుసలో ఉండాలి. వెల్డింగప్పుడో, స్లిప్పు జాయింటు (షాఫ్టు పొడవు సర్దుకునే జారుడు భాగం) ఊడదీసి మళ్లీ వేసినప్పుడో ఒక్క పన్ను అటూ ఇటూ అయితే చాలు, షాఫ్టు చుట్టుకు రెండుసార్లు వేగం మార్చుకుంటుంది. దీనికి బ్యాలెన్సింగ్ మందు కాదు. ఊడదీసే ముందు రెండు ముక్కల మీదా పడేలా పంచుతో గుర్తు కొట్టుకోవాలన్నది అందుకే.

చెవులు సరిగ్గా ఉంటే కోణాలు చూడండి. ఫోనులో లెవెల్ యాప్ ఉంటే చాలు. కేసు ఫ్లాంజి, షాఫ్టు, గుండు ఫ్లాంజి మూడింటి వాలూ రాసుకోండి. పై క్రాసు కోణం, కింది క్రాసు కోణం ఒక డిగ్రీ తేడాలోపు సమానంగా రావాలి. రాకపోతే కమానుకూ హౌసింగ్‌కూ మధ్య వాలు ప్లేటు వేసి గుండును తిప్పుకోవాలి. పొడవు కొలిచేటప్పుడు బండి చక్రాల మీద నిలబడి ఉండాలి, స్లిప్పు ఇంకా 25 మి.మీ. లోపలికి వెళ్లేలా వదలాలి. జాకీ మీద కొలిచి కోయించిన షాఫ్టు పొడుగైపోతుంది, మొదటి గుంటలోనే కేసు బేరింగును గుద్దుతుంది.

ఏ షాఫ్టు అదురుతోందో తేలకపోతే ముందు చక్రాలకు వెళ్లే షాఫ్టు విప్పి పక్కన పెట్టి ఒక రౌండు వెళ్లి రండి. ముందు హబ్బులు ఫ్రీ వీల్ రకం (చక్రాన్ని యాక్సిల్ నుంచి విడదీసేవి) కాకపోతే, టూ వీల్‌లో వెళ్తున్నా చక్రాలే ముందు షాఫ్టును తిప్పుతుంటాయి. ఈ సంగతి మరచిపోయి వెనక షాఫ్టునే పదేపదే లేతుకు మోస్తుంటారు.

ప్రశ్న: గన్నవరం. ఫోర్ వీల్ హౌసింగ్ వేసినప్పటి నుంచి చిన్న గుంటలో పడితే చాలు స్టీరింగ్ గడగడా ఊగుతోంది. వీల్ అలైన్‌మెంట్ వాళ్లు టో (ముందు చక్రాల ముందు అంచులు లోపలికి ఉండే తేడా) సరిచేసి పంపారు, తగ్గలేదు.

జవాబు: టో 1 నుంచి 2.5 మి.మీ. లోపలికి ఉంటే చాలు, రోగం అక్కడ లేదు. కింగ్ పిన్ (స్టీరింగ్ తిప్పితే చక్రం ఏ ఇరుసు మీద తిరుగుతుందో అది) బేరింగుల బిగువు చూడండి. రాడ్లు విడదీసి, నకిల్ ఆయిల్ సీల్ తీసి, స్టీరింగ్ ఆర్మ్ రంధ్రానికి స్ప్రింగు త్రాసు తగిలించి లాగండి. 5.5 నుంచి 7 కిలోల మధ్య కదలడం మొదలవ్వాలి. రెండు కిలోలకే తిరిగిపోతుంటే షిమ్ములు (పలుచని సర్దుబాటు రేకులు) తీయాలి. పైన ఎన్ని తీస్తే కింద అన్నే తీయండి, లేకపోతే యాక్సిల్ జాయింటు మధ్యకు రాదు. సీలు తీయకుండా లాగితే దాని రాపిడే బిగువులా కనిపించి తప్పుదారి పట్టిస్తుంది.

తర్వాత కాస్టర్ చూడాలి. కింగ్ పిన్ పైభాగం వెనక్కి మూడు డిగ్రీలు వాలి ఉండాలి. కొత్త కమాన్లు వేసి బండి ఎత్తు పెంచితే ఈ వాలు పోతుంది. వాలు ప్లేటుతో తెచ్చుకోవచ్చు కానీ ఎక్కువ ఆశకు పోవద్దు. హౌసింగ్ పైభాగం వెనక్కి వాలిన కొద్దీ పినియన్ ముక్కు కిందికి దిగుతుంది, ముందు షాఫ్టు క్రాసు కోణం పెరుగుతుంది.

ప్రశ్న: కృష్ణా లంకల్లో అరటి తోట. ఇసుకలో దిగబడకుండా ఉండటానికే ఫోర్ వీల్ కావాలి. చేయించమంటారా?

జవాబు: ముందు గాలి తగ్గించి చూడండి. టైర్లలో 18 పీఎస్‌ఐ పెట్టుకుని, నిదానంగా, బ్రేకు కొట్టకుండా వెళ్తే సగం బాధ అక్కడే తీరుతుంది. ట్యూబు టైర్లకు ఇంకా తగ్గించవద్దు, టైరు రిమ్ము మీద జారి ట్యూబు మూతిని కోసేస్తుంది. గట్టెక్కాక గాలి నింపడానికి పంపు వెంట ఉండాలి.

ప్రశ్న: నున్న. పాత సెట్టు తెచ్చాం. ఎడమవైపు చక్రం నట్లు ఎంత బలం పెట్టినా రాలేదు, రెండు స్టడ్లు విరిగాయి. తుప్పా?

జవాబు: తుప్పు కాదు, మరలు. పాత జీపు కుటుంబం బండ్లు చాలావాటికి ఎడమ చక్రాల స్టడ్లు ఎడమ మరవి. మీరు విప్పుతున్నామనుకుని బిగించారు. స్టడ్డు చివర ఇంగ్లిష్ ఎల్ అక్షరం కొట్టి ఉంటుంది, వైర్ బ్రష్‌తో రుద్ది చూడండి. విరిగినవాటికి కూడా ఎడమ మరవే అడిగి తీసుకోండి, ఒకే చక్రానికి రెండు రకాలు కలపవద్దు.