వీపీఎన్ కలిపితే నెట్ పోతోంది, రూటర్ మార్చాలా?

ప్రశ్న: ఇంటి నుంచి పని చేస్తున్నాను. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో ఆఫీసు వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి చేర్చే భద్రమైన కనెక్షన్) కనెక్ట్ చేస్తే ఆఫీసు ఫైళ్లు బాగానే తెరుచుకుంటాయి గానీ గూగుల్, బ్యాంకు సైటు, యూట్యూబ్ ఏవీ రావు. వీపీఎన్ తీసేస్తే అన్నీ వస్తాయి. రూటర్ పాడైందా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: రూటర్ మార్చకండి, డబ్బు దండగ. వీపీఎన్ తీయగానే నెట్ వస్తోందంటే మీ లైను, రూటర్ రెండూ బాగున్నట్టే. విండోస్‌లోని సొంత వీపీఎన్ కనెక్ట్ అయ్యాక, ఆఫీసు పనితో పాటు మీరు చూసే ప్రతి సైటూ మామూలుగా ఆఫీసు నెట్‌వర్క్ మీదుగానే వెళ్తుంది. అక్కడి సర్వర్ దాన్ని బయటికి వదలకపోతే మీకు నెట్ లేనట్టే కనిపిస్తుంది.

ముందు ఒక పరీక్ష చేయండి. వీపీఎన్ ఆన్‌లో ఉండగా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పింగ్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి 8.8.8.8 (ఇది గూగుల్ సర్వర్ అడ్రసు) కొట్టి ఎంటర్ నొక్కండి. జవాబులు వస్తుంటే దారి ఉంది, చాలావరకు సైట్ల పేర్లను అడ్రసులుగా మార్చే డీఎన్‌ఎస్ దగ్గరే తేడా. అది ఆఫీసు వాళ్లే సరిచేయాలి. జవాబు రాకపోతే చాలావరకు దారి సమస్యే. కొన్ని ఆఫీసులు పింగ్‌ను కావాలనే ఆపేస్తాయి కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

దారి సమస్యకు మందు ఒక టిక్ తీసేయడమే. కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ కనెక్షన్లు తెరిచి, మీ వీపీఎన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్లండి. నెట్‌వర్కింగ్ ట్యాబ్‌లో ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4 ఎంచుకుని, ప్రాపర్టీస్, ఆ తర్వాత అడ్వాన్స్‌డ్ నొక్కండి. అక్కడ ‘యూజ్ డిఫాల్ట్ గేట్‌వే ఆన్ రిమోట్ నెట్‌వర్క్’ పక్కన ఉన్న టిక్ తీసేసి, వీపీఎన్‌ను ఆపి మళ్లీ కలపండి. ఇక ఆఫీసు పని వీపీఎన్‌లో, మిగతాది నేరుగా మీ ఇంటి లైనులో వెళ్తాయి. దీన్నే స్ప్లిట్ టనెలింగ్ అంటారు.

అయితే ఆ టిక్ ముట్టుకునే ముందు ఆఫీసు ఐటీ వాళ్లను తప్పకుండా అడగండి. భద్రత కోసం ట్రాఫిక్ అంతా తమ గుండానే వెళ్లాలని కొన్ని కంపెనీలు నియమం పెడతాయి. ఒక్క టిక్ కోసం ఉద్యోగంలో మాట పడాల్సిన పని లేదు. టిక్ తీశాక ఆఫీసు ఫైళ్లు రావడం మానేస్తే టెన్షన్ పడకండి. టిక్ మళ్లీ పెట్టేసి, ఆఫీసు సర్వర్లకు రూట్లు (వాటికి వెళ్లే దారులు) జోడించమని వాళ్లకే చెప్పండి. మీ కంపెనీ సొంత వీపీఎన్ యాప్ ఇచ్చి ఉంటే మాత్రం ఈ సెట్టింగ్ మీ చేతిలో ఉండదు, మార్పు వాళ్ల వైపు నుంచే జరగాలి.

ఇదే బాధ కొందరికి తిరగబడి వస్తుంది: వీపీఎన్ ఆపేశాక నెట్ పోతుంది. అప్పుడు వీపీఎన్ యాప్‌లో ‘కిల్ స్విచ్’ (వీపీఎన్ లేనప్పుడు నెట్‌ను ఆపేసే సెట్టింగ్) ఆన్‌లో ఉందేమో చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో అయితే వీపీఎన్ సెట్టింగ్స్‌లో, వీపీఎన్ లేని కనెక్షన్లను బ్లాక్ చేసే ఆప్షన్ ఆఫ్ చేస్తే నెట్ తిరిగి వస్తుంది.